నవల సగంలో ఆపేసి టెన్నిస్ రాస్తున్న మా నాన్నగారు

సీతమ్మధార_సుధ
పుస్తకాల విభాగంలో పెట్టాలో క్రీడల్లో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. మా నాన్నగారు నవలలు రాస్తారు. పేరు చెప్పను, చెబితే ఇక్కడ కొందరైనా గుర్తుపట్టేస్తారు. విశాఖలో మత్స్యకారుల జాలారిపేట మీద మొదలెట్టిన నవల సగంలో ఆగిపోయింది. ఆయన ఫోన్ ఎత్తరు కాబట్టి ప్రచురణకర్త నాకు చేస్తున్నారు. పోనీ రాయడం మానేశారా అంటే అదీ లేదు, రోజూ రాస్తున్నారు. నవల కాదు, టెన్నిస్.

యూఎస్ ఓపెన్ నైట్ సెషన్ మనకి తెల్లవారుజామున 4.30కి మొదలవుతుంది. దానికోసం అలారం పెట్టుకుని లేస్తారు. టీవీ సౌండ్ మొత్తం తీసేసి, ఒళ్ళో లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటారు. ఆస్ట్రేలియాదైతే 5.30. వింబుల్డన్ అయితే ఒక్కోసారి అర్ధరాత్రి దాటిపోతుంది, అమ్మకి నిద్ర ఉండదు. బీపీ మాత్ర మర్చిపోతారు గానీ ఏడో గేమ్ అయ్యాక కొత్త బంతులు తీశారా లేదా అన్నది మాత్రం మర్చిపోరు.

ఆ మధ్య ఓ వారపత్రికకి టెన్నిస్ మీద వ్యాసం పంపితే "మన పాఠకులకి ఇది పట్టదు, క్రికెట్ అయితే చూద్దాం" అని తిప్పి పంపారు. అప్పట్నుంచీ ఇంట్లో ముభావం. నా ప్రశ్న ఒక్కటే. రాసేవాళ్ళకి ఇది పనికొచ్చే పిచ్చేనా, లేక నవల ఎగ్గొట్టడానికి సాకా?

క్రికెట్_పిచ్చోడు
పత్రిక వాళ్ళు అన్నదాంట్లో తప్పేముందండీ? 15, 30 అయ్యాక 45 రావాలి కదా, 40 ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

డ్యూస్_దుర్గ
సిల్లీ మిడాన్ అంటే ఏంటో నీకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చూస్తూ చూస్తూ తెలిసింది. ఇదీ అంతే.

రిటైర్డ్_మాష్టారు
సాకే. అనుమానం అక్కర్లేదు. రాయని రోజుకి రచయిత దగ్గర ఎప్పుడూ ఓ గొప్ప కారణం ఉంటుంది. మా తరంలో సిగరెట్లు, ఇప్పుడు టెన్నిస్. అయినా విశాఖలో కోర్టు గురించి రాయడమంటే రావిశాస్త్రి గారి తర్వాతే ఎవరైనా. ఆ కోర్టులో ముద్దాయిలూ ప్లీడర్లూ ఉంటారు, నెట్టూ బంతీ ఉండవు.

డ్యూస్_దుర్గ
మాష్టారూ, ఈ కోర్టులోనూ వాయిదాలుంటాయి. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మాహు మ్యాచ్ మూడు రోజులు నడిచింది. మొత్తం 11 గంటల 5 నిమిషాలు. స్కోరు బోర్డు 47-47 దగ్గర చేతులెత్తేసింది, అంతకు మించి లెక్కపెట్టేలా దాన్ని తయారుచేయలేదట. చివరికి మ్యాచ్ 70-68.

రిటైర్డ్_మాష్టారు
మూడు రోజులకే తీర్పు వచ్చేసిందా? అయితే అది మన కోర్టు కానే కాదు.

గ్రంథాలయం_పిల్లి
సుధగారూ, మీ నాన్నగారు మొదటివారేం కాదు. నబొకోవ్ బెర్లిన్‌లో ప్రవాసంలో ఉన్నప్పుడు టెన్నిస్ పాఠాలు చెప్పి ఇల్లు గడుపుకున్నాడు. అమెరికన్ నవలాకారుడు డేవిడ్ ఫోస్టర్ వాలస్ చిన్నప్పుడు ఇల్లినాయ్‌లో జూనియర్ టోర్నమెంట్లు ఆడినవాడే. 1996లో ఆయన పెద్ద నవల వచ్చింది, అందులో సగం కథ టెన్నిస్ అకాడమీలోనే. అదే ఏడాది ఓ పత్రికకి మైకేల్ జాయిస్ అనే ఆటగాడి మీద పొడుగాటి వ్యాసం రాశాడు. ఆ జాయిస్ ఛాంపియనేం కాదు, 79వ ర్యాంకువాడు, మాంట్రియల్‌లో అసలు టోర్నమెంట్‌లోకి చేరడానికి క్వాలిఫయింగ్ ఆడుకుంటున్నాడు. పదేళ్ళ తర్వాత ఫెదరర్ మీద రాసిందే అందరూ చదివారు గానీ నా ఓటు ఈ 79వ ర్యాంకు దానికే.

ఏతావాతా, నవలా టెన్నిసూ ఒకే ఏడాది రాసిన మనిషి ఉన్నాడు. మాష్టారు గమనించగలరు.

రిటైర్డ్_మాష్టారు
గమనించాను. ఆయన నవల పూర్తి చేశాడు. తేడా అక్కడే ఉంది.

కత్తెర_డెస్క్
నేనూ ఓ పత్రిక డెస్క్‌లోనే పనిచేస్తాను (సుధగారు చెప్పింది మాది కాదు, ముందే చెప్తున్నాను). "పాఠకులకి పట్టదు" అనేది సోమరి సమాధానం, ఒప్పుకుంటాను. అసలు ఇబ్బంది వేరే. టెన్నిస్ మీద మాకొచ్చే వ్యాసాల్లో మొదటి పేరాలోనే 6-4, 3-6, 7-6 అంటూ అంకెలు పరిచేస్తారు. ఆ ఆట చూడనివాడు పేజీ తిప్పేస్తాడు, చూసినవాడికి ఆ అంకెలు ముందే తెలుసు. మరి ఎవరికోసం రాసినట్టు? సుధగారూ, మీ నాన్నగారి నోట్‌బుక్‌లోంచి ఓ ముక్క ఇక్కడ పెట్టగలరా?

ఉక్కునగరం_శ్రీను
అవును, ముక్క పెట్టండి. చూడకుండా తీర్పులెందుకు.

సీతమ్మధార_సుధ
ఆయన మేడ మీద మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. చూసి దింపుతున్నాను, దొరికితే తిట్లే.

"1993 వింబుల్డన్ ఫైనల్, మళ్ళీ చూశాను. గ్రాఫ్ మీద నొవొత్నా మూడో సెట్‌లో 4-1, గేమ్ పాయింట్ చేతిలో ఉంది. అది వస్తే 5-1. డబుల్ ఫాల్ట్, రెండు సర్వ్‌లూ తప్పాయి. అక్కడ్నుంచి గ్రాఫ్ వరసగా ఐదు గేములు తీసుకుపోయింది. నేను చూస్తున్నది ఆ ఐదు గేములు కాదు. అంతసేపూ ఆ పిల్ల ఏడవలేదు. బంతి బయట పడ్డప్పుడూ ఏడవలేదు, ఆఖరి పాయింట్‌కీ ఏడవలేదు. బహుమతి ఇవ్వడానికి వచ్చిన డచెస్ ఆఫ్ కెంట్ చెయ్యి పట్టుకుని ఏదో రెండు మాటలు అనేసరికి ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. చావింట్లో అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి దగ్గర చుట్టం గుమ్మంలోకి రాగానే బావురుమంటుందే, అలాగ. ఓడిపోయిన సంగతి మనకి ఎప్పుడు తెలుస్తుంది? పలకరించేవాళ్ళు వచ్చినప్పుడా?"

గ్రంథాలయం_పిల్లి
ఇది తిప్పి పంపారా!!

సీతమ్మధార_సుధ
ఇది కాదండీ. పంపిన దాంట్లో నిజంగానే అంకెలు ఎక్కువ. కత్తెరగారు చెప్పినట్టే ఉంటుంది.

క్రికెట్_పిచ్చోడు
తర్వాత ఆవిడ ఎప్పుడైనా గెలిచిందా? ఊరికే అడుగుతున్నాను.

డ్యూస్_దుర్గ
1997లో మళ్ళీ ఫైనల్‌కి వచ్చి హింగిస్ చేతిలో ఓడిపోయింది. 1998లో గెలిచింది. ఊరికే అడిగినవాడివి ఊరికే కూర్చోలేవు కదా ఇప్పుడు.

బేస్‌లైన్_బాబాయ్
రాత బాగుంది, కాదనను. కానీ కోచింగ్‌లో తల నెరిసినవాణ్ణి కాబట్టి ఓ మాట. రచయితలు ఎప్పుడూ కన్నీళ్ళ దగ్గరికే పరుగెత్తుతారు. ఆ డబుల్ ఫాల్ట్ ఎలా అయిందో ఎవరూ రాయరు. రెండో సర్వ్ అంటే నెమ్మదిగా కొట్టేది అనుకుంటారు జనం. తప్పు. రాకెట్ అంతే జోరుగా తిరగాలి, కాకపోతే ఆ జోరు ముందుకి కాకుండా బంతిని తిప్పడానికి పోవాలి. ఆ తిప్పుడే బంతిని నెట్ మీదుగా ఎత్తుకెళ్ళి గీత లోపల దింపుతుంది. భయం వేసినప్పుడు మనిషి చేసే మొదటి పని చెయ్యి నెమ్మది చేయడం. "జాగ్రత్తగా కొడదాం" అనుకోగానే తిప్పుడు తగ్గిపోతుంది, బంతి దిగదు, బయటికి పోతుంది. అంటే జాగ్రత్త పడ్డందుకే తప్పు జరుగుతుంది. మా పిల్లలకి దీన్ని వదిలించడానికే ఏళ్ళు పడుతుంది.

ఇంకోటి. టీవీ కెమెరా బేస్‌లైన్ వెనకాల, ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి చూస్తే 23.77 మీటర్ల కోర్టు కుదించుకుపోతుంది. బంతి నెట్ మీద ఎంత ఎత్తున వెళ్ళిందో తెలియదు, వేగం అసలే తెలియదు. ఆయన్ని ఓ సాయంత్రం కోర్టుకి రమ్మనండి. కంచె పక్కన నేల మీద కూర్చోమనండి. బంతిని చూడొద్దు, ఒక్క ఆటగాణ్ణే చూడాలి, అదీ పాదాలు. అవతలివాడు బంతిని కొట్టే క్షణానికి ఇవతలివాడు చిన్న గెంతు గెంతి నేల మీదకి దిగుతాడు. ఆ గెంతు ఆలస్యమైతే ఆ పాయింట్ అప్పటికే సగం పోయినట్టు. ఇక మన ఊరి సంగతి మీకు తెలిసిందే, మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి. సర్వ్‌కి ఎగరేసిన బంతి అక్కడ ఉండదు, పక్కకి జరుగుతుంది. ఉక్కపోతకి పిడి జారుతుంది, పిల్లలు రెండు తువ్వాళ్ళు తెచ్చుకుంటారు. ఇవన్నీ సీతమ్మధారలో సోఫాలోంచి కనపడవు.

రిటైర్డ్_మాష్టారు
"జాగ్రత్త పడ్డందుకే తప్పు." ఈ బాబాయ్‌గారే నవల రాస్తే పోలేదా.

బేస్‌లైన్_బాబాయ్
నాకు జీతం రిజిస్టర్ రాయడమే కష్టం సార్.

ఉక్కునగరం_శ్రీను
నా బాధ వేరే. ఎంతసేపూ ఫెదరర్, నొవొత్నా ఏనా? విశాఖలో ఉండే మన సాకేత్ మైనేని సంగతేంటి? 2014 సెప్టెంబరులో ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. ఓ రెండు వారాలకి హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ సంబరం కాస్తా కొట్టుకుపోయింది, చెట్లూ కరెంటూ మంచినీళ్ళే అప్పుడు మన గోల. 2016లో యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ గెలిచి మెయిన్ డ్రాకి వెళ్ళాడు. మొదటి రౌండ్‌లో వెసెలీతో ఐదు సెట్లు. కండరాలు పట్టేసి నిలబడలేక, అయినా ఆడి, ఓడిపోయాడు. ఆ ఐదో సెట్ మీద తెలుగులో ఒక్క మంచి పేజీ ఉందా? చెప్పండి.

గ్రంథాలయం_పిల్లి
శ్రీనుగారితో నూటికి నూరుపాళ్ళు. నంబర్ వన్ గురించి రాయడానికి ప్రపంచం అంతా ఉంది. రెండొందల ర్యాంకులో ఉండి హోటల్ ఖర్చు లెక్కచూసుకుంటూ, రాకెట్ తీగలు తెగితే తిట్టుకుంటూ, దేశం కాని దేశంలో ఖాళీ గ్యాలరీల ముందు ఆడేవాడు అసలైన నవలా పాత్ర.

డ్యూస్_దుర్గ
ఒప్పుకోను. ఓడినవాళ్ళు, పేదవాళ్ళు అయితేనే సాహిత్యం అనేది మన తెలుగువాళ్ళకి అలవాటైన జబ్బు. ఫెదరర్‌లో కథ లేదా? 2019 వింబుల్డన్ ఫైనల్, ఐదో సెట్, 8-7, 40-15. సర్వ్ అతనిదే. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. రెండూ పోయాయి, మ్యాచ్ పోయింది. ఆ రోజు మొత్తం మీద ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ గెలిచినవి 204. ఎక్కువ గెలిచినవాడే ఓడిపోయాడు! ఇంకే ఆటలో ఉందిది?

క్రికెట్_పిచ్చోడు
క్రికెట్‌లో ఉంది. 2019లోనే, అదే రోజు, లార్డ్స్‌లో. న్యూజిలాండ్ స్కోరు సమానం, సూపర్ ఓవర్ సమానం, బౌండరీల లెక్కలో కప్పు పోయింది. ఒకే ఊళ్ళో ఒకే రోజు రెండు జరిగాయి.

డ్యూస్_దుర్గ
...సరే, ఈ ఒక్కటి నీకు ఇచ్చేశాను.

కంచరపాలెం_కుర్రోడు
ఆ రోజు మా ఇంట్లో రిమోట్ కోసం కొట్టుకుని రెండూ సరిగ్గా చూడలేదు.

గ్రంథాలయం_పిల్లి
దుర్గగారి లెక్కకి తోడు ఇంకోటి. 2024లో డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో ఫెదరరే చెప్పాడు. ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడు, కానీ పాయింట్లలో గెలిచింది 54 శాతమే. అంటే ఇంచుమించు ప్రతి రెండో పాయింటూ ఓడిపోతూ అంతవాడయ్యాడు.

సీతమ్మధార_సుధ
ఇది చదువుతుంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2008 జనవరిలో నాన్నగారు "చెన్నైలో సాహిత్య సభ" అని రాత్రి రైలెక్కారు. వచ్చాక శాలువా ఏదీ అని అమ్మ అడిగితే మర్చిపోయానన్నారు. నిన్న ఆ పాత నోట్‌బుక్‌లో నుంగంబాకం స్టేడియం టికెట్ దొరికింది.

కంచరపాలెం_కుర్రోడు
అంకుల్ మాస్ 😂

రిటైర్డ్_మాష్టారు
సాహిత్య సభ కంటే అదే నయం. సభలో చివరి వక్త ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు.

సుధ_నాన్న
అమ్మాయి ఫోన్‌లో నవ్వుకుంటుంటే ఏమిటా అని చూసి, మనవడి చేత ఖాతా తెరిపించుకుని రాస్తున్నాను. ముందు ఓ దిద్దుబాటు. ఇస్నర్, మాహులది "మ్యాచ్ 70-68" అన్నారు ఎవరో. అది ఐదో సెట్ ఒక్కదాని స్కోరు. అంతకు ముందు నాలుగు సెట్లు వేరే ఉన్నాయి.

చెన్నై సంగతి. టికెట్ దొరికింది కాబట్టి దాచేదేం లేదు. సెమీ ఫైనల్లో నాదల్, మోయా. ఇద్దరిదీ మయోర్కా దీవే. మోయా పెద్దవాడు, ఒకప్పటి నంబర్ వన్, ఈ కుర్రాణ్ణి చిన్నప్పటి నుంచీ చేరదీసినవాడు. ఆ సాయంత్రం ఇద్దరూ దాదాపు నాలుగు గంటలు ఆడారు. మూడు సెట్లూ 6-6 దాకా వెళ్ళి టై బ్రేకర్లే. నాదల్ మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. స్టేడియం ఊగిపోయింది. చాలామంది కథ అక్కడ అయిపోయిందనుకున్నారు.

మర్నాడు ఫైనల్. యూజ్నీ 6-0, 6-1తో గెలిచాడు. నాదల్‌కి కాళ్ళు లేవవు. పక్కనున్నాయన డబ్బులు దండగ అని గొణిగాడు. నాకు మాత్రం అంత దూరం వచ్చింది దీనికోసమే అనిపించింది. ముందురోజు అంత గొప్పగా గెలిచిన మనిషి మర్నాడు పొద్దున్న ఏ ఒంటితో లేస్తాడు? మా కథల్లో మేం గెలుపు దగ్గర ఆపేస్తాం. పడవ తగువు తీరింది, పెళ్ళి అయింది, కేసు కొట్టేశారు, శుభం. మర్నాటి ఒళ్ళు నొప్పులు ఎవరూ రాయరు, నేనూ రాయలేదు. టెన్నిస్‌లో ఆ మర్నాడు షెడ్యూల్లోనే ఉంటుంది, తప్పించుకోవడం కుదరదు.

జాలారిపేట నవల ఆగిందీ అక్కడే. మా సూరన్న పడవ గెలుచుకున్నాడు. ఆ రాత్రి పేటంతా చిందులు. తెల్లారి మూడింటికి అదే పడవ నీళ్ళలోకి తొయ్యాలి, ముందురోజు దెబ్బలాటలో భుజం పోయింది. అది రాయడం నాకు రావడం లేదు. రాని పనిని రోజూ చేసేవాళ్ళని చూస్తున్నాను, అంతే. మాష్టారు దీన్ని సాకు అనుకుంటే అనుకోవచ్చు.

సౌండ్ ఎందుకు తీస్తానంటే, కామెంటరీ వాళ్ళ మాటలు నా రాతలోకి వచ్చేస్తాయి. "ఎంత ఒత్తిడి!" అని వాళ్ళు అనేశాక నాకు చూడ్డానికి ఏం మిగులుతుంది? పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లుంటాయి. మొహం తుడుచుకోవడం, తీగలు సవరించుకోవడం, తనలో తను ఏదో అనుకోవడం. నాకు కావలసింది అది.

రిటైర్డ్_మాష్టారు
సూరన్న భుజం గురించి ఇక్కడ మూడు వాక్యాలు రాశారు. అవి నవలలోనే రాయొచ్చు కదా? సాకు అన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు. ఆ తెల్లారి రాసి చూపించండి, అప్పుడు తీసుకుంటాను.

బేస్‌లైన్_బాబాయ్
భుజం పోయినవాడు పడవ ఎలా తోస్తాడు? నడుముతో తోస్తాడు, కాళ్ళతో తోస్తాడు. మా దగ్గర భుజం నొప్పి ఉన్న పిల్లలు సర్వ్ ఎలా మార్చుకుంటారో చూస్తే మీకు ఆ సీను దొరుకుతుంది. నిజంగా చెప్తున్నాను.

సుధ_నాన్న
కాళ్ళతోనా... అది నాకు తోచలేదు. ఎన్నింటికి రమ్మంటారు?

కత్తెర_డెస్క్
మీరు కోర్టుకి వెళ్ళేలోగా ఓ మాట సార్. ఆ చెన్నై రెండు రోజులూ 900 మాటల్లో నాకు పంపండి. స్కోర్లు రెండుకి మించకూడదు.

సుధ_నాన్న
మూడు. 6-0, 6-1 విడదీయడానికి వీల్లేదు.

కత్తెర_డెస్క్
సరే, అది ఒకటిగానే లెక్కేస్తాను. ఫొటో మేం చూసుకుంటాం. దయచేసి శీర్షికలో "సమరం" పెట్టొద్దు.

ఉక్కునగరం_శ్రీను
తర్వాతి వ్యాసం సాకేత్ ఐదో సెట్ మీద. రాసిపెట్టుకోండి సార్, వదలను.

సీతమ్మధార_సుధ
అమ్మ అడుగుతోంది, పారితోషికం ఉందా లేక శాలువానేనా అని.

కత్తెర_డెస్క్
ఉందమ్మా. చిన్నదే, కానీ బ్యాంకులోనే పడుతుంది.

బేస్‌లైన్_బాబాయ్
ఆదివారం పొద్దున్న ఆరుకి రండి సార్, ఎండెక్కితే మీరు కూర్చోలేరు. బూట్లు తప్పనిసరి, చెప్పులతో కోర్టులోకి రానివ్వను.

సుధ_నాన్న
నేను ఆడనండీ, చూస్తాను.

బేస్‌లైన్_బాబాయ్
చూసేవాళ్ళు కూడా మా దగ్గర బంతులు ఏరాలి. రూల్.